వానాకాలంలో హార్మోనియం మూగబోతే: ఇంట్లోనే బాగుచేసుకోవడం ఎలా

శ్రావణమాసం. గుళ్లో భజన అని అటక మీంచి హార్మోనియం దింపారు. తిత్తి నాలుగుసార్లు కొట్టారో లేదో, ఎవరూ వేలు పెట్టకుండానే ఒక స్వరం బూఁ అని అందుకుంది. దాని పక్క మెట్టు నొక్కితే దిగింది గానీ లేవలేదు. పై స్థాయిలో ఇంకో మెట్టు అసలు నోరే విప్పలేదు. తాళాలు పట్టుకు కూర్చున్నాయన తీర్పు చెప్పేశాడు: "రీడ్లు పోయాయండీ. కొత్తవి వేయించాల్సిందే."

ఆ మాట పట్టుకుని పెట్టెని ఆటో ఎక్కించకండి. రీడ్లు, అంటే లోపల స్వరం పలికే ఇత్తడి నాలికలు, పోయి ఉండవు. మాది పాలకొల్లు పక్క పల్లెటూరు. ఒకే పెట్టె నవమి పందిట్లో పద్యాలకీ, కార్తీక భజనకీ, క్రిస్మస్ పాటలకీ చేతులు మారుతూ తిరుగుతుంది. దాన్ని విప్పి బిగించి నేర్చుకున్నది ఒక్కటే: మన గోదావరి డెల్టాలో హార్మోనియం జబ్బు చాలావరకు గాలి జబ్బు, దానికి మూలం తేమ. రీడు ఇత్తడి, వానకి ఉబ్బదు. ఉబ్బేది కొయ్య, గట్టిపడేది తోలు, వంగేది అట్ట, వదిలేది జిగురు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచి కాలవ నీళ్లు మన పెరటి దాకా వచ్చాయి. వాటికి తోడు ఇప్పుడు చేపల చెరువులు. జూన్ నుంచి నవంబరు దాకా మన ఇళ్లలో ఉప్పు డబ్బా కూడా పొడిగా ఉండదు, ఇక తోలూ అట్టా ఎలా ఉంటాయి? కాబట్టి ముందు ఆరబెట్టడం, తరవాత గాలి, ఆ తరవాత మెట్లు, చిట్టచివర రీడు. రీడుని గీకే ఆకురాయి అనేది ఈ వరసలో ఆఖరి వస్తువు.

పియానో ఉన్నవాళ్లు ఒకరిద్దరు అడిగారు, ఇదే పద్ధతి దానికీ పనికొస్తుందా అని. రాదండి. పియానోలో 88 మెట్లకి సుమారు 230 తీగలు, అన్నీ కలిపి పదిహేను ఇరవై టన్నుల బిగువు మీద ఉంటాయి. తీగల బరువు మోసే కొయ్య పలక వానాకాలంలో ఉబ్బితే శ్రుతి పైకి పోతుంది, వేసవిలో కిందికి దిగుతుంది. ఆ తీగలు బిగించే మేకుల జోలికి మీరూ నేనూ వెళ్లకూడదు. గోడకి జానెడు దూరంగా జరిపి, మూత మీద పూలకుండీ పెట్టకుండా చూసుకుంటే మన వంతు అయిపోయినట్టే, మిగతాది ట్యూనరు పని. హార్మోనియం అంత బెట్టు చేయదు. విప్పితే విప్పించుకుంటుంది.

ముందు ఆరబెట్టండి

వాన రోజుల్లో పేచీ పెట్టిన పెట్టెని ఆ పూటే విప్పకండి. పై మూత తీసి, తిత్తి కొక్కేలు వదిలి, నీడపట్టున, ఎత్తు బల్ల మీద, ఫ్యాను గాలి తగిలేలా నాలుగైదు రోజులు ఉంచండి. ఎండలో పెట్టొద్దు. వడియాలు ఎండినట్టు పెట్టె ఎండదు. ఒకవైపు ఎండి ఇంకోవైపు చెమ్మగా ఉండి అతుకులు విచ్చుతాయి. రోజుకోసారి అన్ని స్టాపర్లూ (రీడ్లకి గాలి వదిలే ముందువైపు పిడులు) తెరిచి, మెల్లగా పది నిమిషాలు వాయించండి. లోపలికి పొడిగాలి వెళ్లి వస్తుంది.

ఈ నాలుగు రోజుల్లో సగం ఫిర్యాదులు వాటంతటవే సర్దుకోవడం చాలాసార్లు చూశాను. లేవని మెట్టు లేస్తుంది. బూఁ అనేది ఆగిపోతుంది. మిగిలినవాటికే స్క్రూడ్రైవరు.

విప్పడం

కావలసినవి ఇంట్లోవే. చిన్న స్క్రూడ్రైవరు, పట్టకారు, కొత్త షేవింగ్ బ్రష్షు, పల్చటి కాగితం, పోస్టుకార్డంత మందం అట్ట, సుద్దముక్క, అగరుబత్తి. స్క్రూలు పెట్టుకోడానికి పాత ఇడ్లీ రేకు. నవ్వకండి, గుంటకి ఒక చోటి స్క్రూలు చొప్పున విప్పిన వరసలో వేసుకుంటూ పోతే బిగించేటప్పుడు ఆ వరసే వెనక్కి వస్తుంది. ప్రతి అడుక్కీ ఫోనుతో ఫొటో తీయండి.

పై చట్రం తీస్తే మెట్లు కనిపిస్తాయి. ఆ మెట్లున్న పలక మొత్తం రీడు బోర్డు. దాన్ని కొన్ని పెట్టెల్లో కొక్కేలు పట్టుకుంటాయి, కొన్నిట్లో మూలల్లో స్క్రూలు. కప్లర్ (ఒక మెట్టు నొక్కితే మరో స్థాయిలో అదే మెట్టునీ నొక్కే అమరిక) ఉంటే ముందు దాన్ని వదిలించండి. బోర్డు అంచుకీ పెట్టెకీ మధ్య గాలి పోకుండా తోలో ఫెల్టో అంటించి ఉంటుంది, తేమకి అది పట్టేసుకుంటుంది. రాలేదని స్క్రూడ్రైవరు గుచ్చి తన్నకండి, అక్కడే కొత్త లీకు పుడుతుంది. రెండు చివర్లూ పట్టుకుని కొంచెం కొంచెంగా కదిపితే వస్తుంది.

మీది స్కేల్ చేంజర్ అయితే ఇక్కడే ఆగండి. మెట్ల వరస మొత్తం పక్కకి జరిగే ఏర్పాటు అందులో ఉంటుంది. విప్పడం తేలికే, తిరిగి కుదర్చడం మేస్త్రీకే చెల్లు.

బోర్డు తిరగేస్తే కింద రీడ్లు. 39 మెట్ల పెట్టెలో రెండు వరసలు ఉంటే 78 రీడ్లు, 42 మెట్లయితే 84. బోర్డు తిరగేయగానే ఎడమ కుడి అవుతుంది. పలకని మెట్టు ఎడమ నుంచి పన్నెండోది అనుకుని తిరగేశాక కూడా ఎడమ నుంచే లెక్కపెట్టి, శుభ్రంగా పలికే రీడుని పీకి ఊడ్చి పాడుచేసినవాణ్ణి నేనే. తిరగేయకముందే బోర్డు పక్క అంచు మీద ఆ మెట్టుకి ఎదురుగా సుద్దతో గీత పెట్టుకోండి.

గాలి ఎక్కడ పోతోంది

అసలు పని ఇది. తొందరపడకుండా చేయండి.

బోర్డు విప్పకముందు చేసే పరీక్ష ఒకటి ఉంది. అన్ని స్టాపర్లూ మూసేయండి. తిత్తి కొట్టండి. గాలి నిలవ ఉంచే లోపలి తిత్తి నిండేకొద్దీ చేతికి బరువు తెలుస్తుంది, కాసేపటికి ఇక నెట్టలేనంత గట్టిగా అవుతుంది. అక్కడ ఆపి, మనసులో పది లెక్కపెట్టి, మళ్లీ నెట్టండి. ఇంకా గట్టిగానే ఉంటే లోపలి తిత్తి, దాని తలుపు, స్టాపరు మూతలు బాగున్నట్టు. మెత్తగా దిగిపోతే వాటిలోనే ఎక్కడో కారుతోంది. ఎంత కొట్టినా అసలు గట్టిపడకపోతే చేత్తో కొట్టే బయటి తిత్తి చూడాలి.

గట్టిగా ఉంటే రెండో అడుగు. స్టాపర్లు తెరవండి, మెట్టు మాత్రం ఒక్కటీ నొక్కొద్దు. మళ్లీ కొట్టి, పది లెక్కపెట్టి, నెట్టి చూడండి. ఇప్పుడు మెత్తబడితే లీకు పైన ఉంది, అంటే బోర్డు అంచు తోలు దగ్గరో మెట్ల కింద మూతల దగ్గరో. ఈ రెండు పరీక్షలకి పట్టేది రెండు నిమిషాలు, మిగిల్చేది ఒక రోజు పని.

చోటు పట్టుకోవడానికి అగరుబత్తి. ఒకరు తిత్తి నొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు వెలిగించిన బత్తి పొగని మడతల వెంబడీ మూలల వెంబడీ నడిపించాలి. పొగ తిన్నగా లేచినంతసేపూ పరవాలేదు. ఒకచోట చటుక్కున పక్కకి చెదిరిందంటే అక్కడే చిల్లు. తిత్తి అట్టా గుడ్డా తోలూ కలిసిన వస్తువు, నిప్పు బెత్తెడు దూరంలో ఉంచండి. నిప్పంటే భయమైతే అరచేయి వెనకభాగం తడిచేసుకుని జరపండి. గాలి తగిలిన చోట చల్లగా తెలుస్తుంది.

తిత్తి చిరిగేది మడత మూలల్లో. అతుకుకి పల్చటి మేకతోలు కావాలి. తోలు దొరకకపోతే చిక్కటి నేత ఉన్న పల్చటి నూలు గుడ్డ. చిల్లు కన్నా వేలెడు వెడల్పుగా, మూలలు గుండ్రంగా కత్తిరించండి. పలకలు తిరిగిన మూల మొదట లేచేది. తిత్తి సగం తెరిచి పెట్టి అంటించాలి. పూర్తిగా తెరిచి అంటిస్తే మూసినప్పుడు ముడత పడుతుంది, పూర్తిగా మూసి అంటిస్తే తెరిచినప్పుడు లాగేస్తుంది. జిగురుకి ఫెవికాల్ పల్చగా పూస్తే చాలు, కానీ ఒక పగలూ ఒక రాత్రీ కదపకూడదు. వడ్రంగులు కాచి పూసే పాత జిగురు మంచిదే, వేడినీళ్లు తగిలిస్తే మళ్లీ ఊడుతుంది కాబట్టి రేపటి మేస్త్రీకి సుఖం. మన తేమకి అది బూజు పడుతుంది, బొద్దింకలకి ఇష్టం కూడాను. నేను ఫెవికాలే వాడతాను.

చేయకూడనిది ఒకటి చెప్పాలి. నా పద్దెనిమిదో ఏట, రేపు నాటకం అనగా, తిత్తి మూల చిరిగితే సైకిల్ షాపు నుంచి పంక్చర్ ముక్కా సొల్యూషనూ తెచ్చి అతికించేశాను. ఆ రాత్రి బ్రహ్మాండంగా ఆడింది. మరుసటి వేసవికి రబ్బరు బిరుసెక్కి, కింద అట్ట పొరని కూడా పట్టుకుని ఊడింది. చిటికెన వేలంత చిల్లు అరచేతంత అయింది. సెల్లోటేపు, బ్యాండేజీ టేపు అంతే, జిగట మిగిల్చి పోతాయి.

బయటి తిత్తి పలక మీద లోపలివైపు గాలి పీల్చుకునే రంధ్రాలుంటాయి, వాటి మీద తోలు తలుపులు. నెట్టినప్పుడు ఫుస్ అని గాలి వెనక్కి మీ చేతి మీదికే వస్తుంటే ఆ తోలు వంకర తిరిగిందన్నమాట. చెమ్మ తగిలి ఆరిన తోలు అప్పడంలా లేస్తుంది. ఊడదీసి, కొత్త తోలు మెత్తటి వైపు పలకకి ఆనేలా, ఒక అంచునే అంటించండి. రెండువైపులా అంటిస్తే తలుపు తెరుచుకోదు.

బోర్డు అంచు తోలు అరిగితే పాతది గీకేసి కొత్తది చుట్టూ ఒకే మందంలో వేయాలి. ఒక మూల మందం ఎక్కువైనా మిగతా మూడు మూలలూ కారతాయి. స్టాపర్లు కిర్రుమంటే కడ్డీకి కొవ్వొత్తి మైనం రాయండి. నూనె వద్దు, దుమ్ము పడుతుంది.

మెట్లు

ముట్టకుండా మోగే మెట్టుని ముందు వేలితో పైకెత్తి చూడండి. ఎత్తగానే ఆగిపోతే స్ప్రింగు బలం తగ్గింది, లేదా మెట్టు పక్కదానికి ఒరుసుకుంటోంది. ఎత్తినా ఆగకపోతే కింద గాలి రంధ్రాన్ని మూసే చెక్క మూత సరిగ్గా కూర్చోవడం లేదు.

మూతకి కాగితం పరీక్ష చేయాలి. వేలెడు వెడల్పు పల్చటి కాగితం ముక్కని మూత కింద పెట్టి, మెట్టు వదిలేసి, కాగితాన్ని మెల్లగా లాగండి. పట్టి వదిలినట్టు బరువుగా రావాలి. నాలుగు పక్కలా అలాగే రావాలి. ఒక పక్క జారుగా వచ్చేస్తే గాలి పోయేది అటే. చాలాసార్లు కారణం ఏ బియ్యపు గింజో చీమ రెక్కో విబూది పలుకో అవుతుంది. భజన పెట్టెల్లో విబూదీ కర్పూరం మసీ తప్పవు, పెళ్లి పందిట్లో తిరిగిన పెట్టె అయితే అక్షింతలు. మూత ఎత్తి బ్రష్షుతో తుడిస్తే సరి. తోలు నల్లబడి గాజులా గట్టిపడితే, గరుకు కాగితాన్ని గరుకు వైపు పైకి ఉండేలా మూత కింద పెట్టి రెండుసార్లు లాగండి, మెత్తబడుతుంది. రంధ్రం అచ్చు తోలు మీద లోతుగా దిగిపోయి ఉంటే మార్చాల్సిందే.

స్ప్రింగుని పట్టకారుతో బయటికి తీసి, రెండు కాళ్లనీ వేళ్లతో కాస్త విడదీసి మళ్లీ పెట్టండి. కాస్త అంటే కాస్తే. బలం ఎక్కువైతే ఆ ఒక్క మెట్టూ మిగతావాటికన్నా బరువుగా తగులుతుంది, రాగం తీసేటప్పుడు వేలు అక్కడే తడబడుతుంది. పక్క మెట్టుతో పోల్చి చూసుకోవాలి.

ఇక ఉబ్బిన మెట్టు. రెండు మెట్ల మధ్య అట్ట దూరకపోతే ఒరుసుకుంటున్నాయని అర్థం. చేతిలో ఎమ్రీ పేపరు ఉంటే వెంటనే అరగదీయాలనిపిస్తుంది. ఆపుకోండి. శ్రావణంలో సరిపోయేలా అరగదీసిన మెట్టు మాఘానికి ఆరి, వదులై, కటకటలాడుతుంది. అరిగిన కొయ్య తిరిగి రాదు. ఆరబెట్టాక కూడా ఒరుసుకుంటే, ఒరిసిన చోట మెరుపు కనిపిస్తుంది, ఆ మెరుపు పోయేంత మటుకే రెండు మూడు సార్లు రుద్దండి. అసలు ఈ పెట్టె పనులన్నిటికీ మన దగ్గర సంక్రాంతి దాటాక ఉగాది లోపు మంచి కాలం. మంచు తగ్గి ఉంటుంది, ఉక్కపోత మొదలై ఉండదు.

రీడు దగ్గరికి వస్తే

రీడంటే ఇత్తడి పలకలో సన్నటి గాడి, ఆ గాడి మీద ఒక చివర రివిట్‌తో బిగించిన ఇత్తడి నాలిక. గాలి ఆ నాలికని గాడిలోంచి కిందికీ పైకీ ఆడిస్తుంది, అదే స్వరం. నాలికకీ గాడి గోడకీ మధ్య సందు వెంట్రుక మందం. అందుకే వెంట్రుక ఇరుక్కున్నా మూగపోతుంది. మన దేశంలో ఈ రీడ్ల తయారీకి గుజరాత్‌లోని పాలిటానా పేరుపడ్డ ఊరు.

పలకని రీడుకి ముందు బ్రష్షు, తరవాత కాగితం. పల్చటి కాగితాన్ని నాలిక కింద పక్కనుంచి జొనిపి, రివిట్ వైపు నుంచి కొస వైపుకి లాగండి. ఎప్పుడూ కొస వైపే. రివిట్ వైపు తోస్తే చెత్త అక్కడ మూలన బిగుసుకుంటుంది, నాలికా లేచిపోతుంది. చాలా మూగ రీడ్లకి మందు ఇంతే. కాగితం చివర చిన్న నల్లటి పీచు కనిపించినప్పుడు కలిగే తృప్తి పద్యానికి వన్స్‌మోర్ పడ్డప్పటి తృప్తికేం తీసిపోదు.

నోటితో ఊది చూడకండి. నోటి తడి ఇత్తడికి చిలుము పట్టిస్తుంది. అంతర్వేది తీర్థానికి వెళ్లొచ్చిన పెట్టెకి ఉప్పుగాలి వల్ల చిలుము మరీ తొందరగా వస్తుంది. పచ్చగా పట్టిన చిలుముని పెన్సిల్ రబ్బరుతో, నాలిక కింద పల్చటి బ్లేడు ఆనించి, పొడుగునా మెత్తగా రుద్దితే పోతుంది. ఇత్తడి కదా అని చింతపండు పెట్టి తోమేవాళ్లున్నారు. దేవుడి గంటకి బాగుంటుంది గానీ రీడుకి కాదు. పులుపు ఇత్తడిని తినేస్తుంది, శ్రుతి ఎటు పోతుందో చెప్పలేం, గాడిలో మిగిలిన తడి మళ్లీ చిలుమే.

పలుకుతూ జిర్రుమంటే నాలిక పక్కకి జరిగి గాడి గోడని తాకుతోంది, లేదా రీడు స్క్రూ వదులైంది. ముందు స్క్రూ బిగించి చూడండి. ఆలస్యంగా అందుకునే రీడు నాలిక కొస మరీ పైకి లేచి ఉంటుంది. గట్టిగా గాలి కొడితే నోరు మూసుకునేది మరీ కిందికి దిగి ఉంటుంది. పక్క రీడుని చూసి, గోటితో అంటీ అంటనట్టు సర్దండి. ఉన్నట్టుండి ఒక్క స్వరం బాగా కిందికి దిగిపోతే రివిట్ మొదట్లో నాలిక బీటిచ్చిందన్నమాట. దాన్ని ఎవరూ బాగుచేయలేరు. ఆ రీడుని ఊడదీసి, జేబులో వేసుకుని, వాయిద్యాల షాపుకి తీసుకెళ్లి, అదే స్వరం, అదే కొలత పలకది తెచ్చుకోండి. "ఐదున్నర రీడు ఇవ్వండి" అని, అంటే ఐదో తెల్లమెట్టు పక్క నల్లమెట్టుదని, నోటిమాటగా అడిగితే వచ్చేది మీ స్క్రూ రంధ్రాలకి కుదరదు.

శ్రుతి

ఇప్పుడు ఆకురాయి. ఇక్కడిదాకా వచ్చినవాళ్లు కూడా మరోసారి ఆలోచించండి. గాలి తక్కువైతే స్వరం నీరసంగా ఊగుతుంది, చెవికి అపశ్రుతిలాగే వినిపిస్తుంది. లీకులన్నీ మూసి, పెట్టె ఆరి ఉన్న రోజునే శ్రుతి చూడాలి.

ఫోనులో ట్యూనరు యాప్ పెట్టుకోండి. ఒక వరస స్టాపరే తెరిచి, తిత్తి ఒకే నిదానంతో కొడుతూ ఒక్కో మెట్టూ పలికించి, ఎన్ని సెంట్లు ఎక్కువ తక్కువలో నోటుపుస్తకంలో రాయండి. సెంట్లంటే మనకి అలవాటైన లెక్కే. ఎకరానికి వంద సెంట్లయినట్టు, ఒక మెట్టుకీ పక్క మెట్టుకీ మధ్య దూరం వంద సెంట్లు. గాలి ఒత్తిడి మారితే శ్రుతీ మారుతుంది కాబట్టి గట్టిగా ఒకటి మెల్లగా ఒకటి కొట్టి కొలిస్తే ఆ లెక్క పనికిరాదు.

ఆరో తెల్లమెట్టుకి సెకనుకి 440 కంపనాలు ప్రమాణం. మీ పాత పెట్టె మొత్తం 445 దగ్గర కూర్చుని ఉంటే దాన్ని 440కి దించాలని చూడకండి, 78 రీడ్లూ గీకాల్సి వస్తుంది. యాప్‌లోనే ప్రమాణాన్ని 445కి మార్చండి. అలా మార్చాక కూడా అయిదారు సెంట్ల లోపు తేడా ఉన్నవాటిని నేను ముట్టుకోను. పది దాటి పక్కకి పోయినవి ఏ నాలుగో ఐదో ఉంటాయి, అవే మన పని.

నాలిక కొస దగ్గర గీకితే కొస తేలికవుతుంది, స్వరం పైకి వెళ్తుంది. రివిట్ మొదట్లో గీకితే అక్కడ బలం తగ్గుతుంది, స్వరం కిందికి దిగుతుంది. కింద బ్లేడు ఆనించి, సన్న ఆకురాయితో పొడుగునా, మూడంటే మూడు గీతలు. అడ్డంగా గీస్తే ఆ గీత దగ్గరే రేపు బీటిస్తుంది. పొడి బ్రష్షుతో తుడిచి, చేతి వేడి తగ్గేదాకా ఒక నిమిషం ఆగి, బోర్డు పెట్టెలో పెట్టి కొలవండి. పెట్టెలో పలికించే కొలవాలి. విసుగే, బోర్డు పాతికసార్లు ఎత్తి దించాలి. పై స్థాయి రీడ్లు చాలా చిన్నవి, వాటికి ఒక్క గీత కూడా ఎక్కువే.

రెండు వరసలున్నప్పుడు ఒకటి తేల్చుకున్నాక రెండోదాన్ని చెవితో దానికి కలపండి. కింది రీడు 220, పైది సరిగ్గా 440 అయితే రెండూ ఒకే గొంతులా కలిసిపోతాయి. పైది 442 అయితే సెకనుకి రెండుసార్లు వావ్ వావ్ అని ఊగుతుంది. ఆ ఊపు నెమ్మదించి, నెమ్మదించి, ఆగిపోయేదాకా తెచ్చుకోవాలి. యాప్ కన్నా చెవి ఇక్కడ నిక్కచ్చి.

పాడేవాళ్లు కొందరు "మీ పెట్టెలో గాంధారం ఎక్కువ పలుకుతోందండీ" అంటారు. వాళ్ల చెవి తప్పు కాదు. సహజమైన అంతర గాంధారం (పెద్ద గ) షడ్జానికి (స) 386 సెంట్ల పైన ఉంటుంది, మెట్లని సమానంగా పంచిన పెట్టెలో అది 400. ఈ 14 సెంట్ల తగువూ, స్వరాన్ని ఊపే గమకం పలకదన్న తగువూ కలిసే ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని బయట పెట్టింది, 1971 దాకా మళ్లీ రానివ్వలేదు. ఒకే శ్రుతిలో ఒకే గాయకుడికి వాయించే పెట్టె అయితే గాంధారం దించుకోవచ్చు. మా పెట్టెలాగా ఒకరికి ఒకటిన్నర శ్రుతిలో, ఇంకొకరికి ఐదున్నర శ్రుతిలో మోగాల్సిన పెట్టెకి అది చేటు. ఒకరి గాంధారం ఇంకొకరి షడ్జమై కూర్చుంటుంది.

ఎక్కడ పెట్టాలి, ఎలా మోయాలి

నేల మీద వద్దు, బయటి గోడకి ఆనించి వద్దు. అటక అన్నిటికన్నా చెడ్డచోటు, పెంకుటింట్లో అయితే మరీను. గాలి ఆడే గదిలో పీట మీద, నూలు గుడ్డ కప్పి ఉంచండి. ప్లాస్టిక్ సంచిలో కట్టిపెడితే లోపలి చెమ్మ లోపలే చెమరుస్తుంది. బీరువాలో పెట్టేవాళ్లు వెనకటికి చిన్న బల్బు వెలిగించి ఉంచేవారు. ఇప్పటి ఎల్ఈడీ బల్బు వెలుగే గానీ ఆ వెచ్చదనం ఇవ్వదు, దాని బదులు సిలికాజెల్ పొట్లాలు వేసి నెలకోసారి మార్చండి. గుడ్డలో కట్టిన కలరా ఉండలు రెండు పెట్టె పక్కన పెడితే పురుగు రాదు. ఎలుకకి మాత్రం అవి చాలవు. తోలూ జిగురూ దానికి విందు. పెట్టె అడుగున గాలి రంధ్రం ఉంటే సన్న జాలీ కొట్టించండి.

వరద నీళ్లలో మునిగిన పెట్టెని తిత్తి కొట్టి చూడొద్దు. 1996 నవంబరు తుపాను తరవాత కోనసీమలో తడిసిన పెట్టెలకి ఎక్కువ చేటు చేసింది అదే, ఒండ్రుమట్టి రీడ్ల గాడిలోకి ఎక్కిపోయింది. బోర్డు విడదీసి, రీడ్లు వరస తప్పకుండా ఊడదీసి, మంచినీళ్లలో ముంచి తీసి, వెంటనే తుడిచి ఆరబెట్టండి. కొయ్యభాగం నీడలో నెల పడుతుంది. తిత్తి మీద ఆశ పెట్టుకోకండి.

ప్రయాణానికి ముందు స్టాపర్లన్నీ మూసి, తిత్తి కొక్కేలు పెట్టి, కప్లర్ వదిలి ఉంచండి. బస్సులో డిక్కీలో వేయనివ్వకండి, ఒళ్లో పెట్టుకోండి. రేవు దాటేటప్పుడు పంటు మీద జల్లు పడుతుంది, కండువా కాదు, గొడుగు కావాలి. దిగిన చోట వెంటనే వాయించకుండా మూత తీసి పావుగంట ఆగండి. ఆ పావుగంటలో ఎవరో ఒకరు వచ్చి ఏదో మెట్టు నొక్కి చూస్తారు. తిత్తి కొక్కేలు తీయకపోతే మోగదు.